జూన్ నెలలో చలికోట్లు

పిల్లలు ఏడాది పొడుగునా మీ ఇంట్లోనే ఉన్నారా అని అడుగుతారు, ఏది అడిగినా అడక్కపోయినా అది మాత్రం అడుగుతారు, ఉన్నారని చెప్పి ఊరుకో అని రోడ్ల డిపోలో తోటి పనివాడు గ్యారీ నిన్ననే చెప్పి పంపాడు, అయినా నీకు ఊరుకోవడం ఒకరు నేర్పాలా, ఆ విద్యలో పండిపోయావు కదా అని నవ్వాడు కూడా. ఆ నవ్వు గుర్తొచ్చి వెండెల్ కుర్చీలో ఒకసారి సర్దుకుని కూర్చున్నాడు. ఫిబ్రవరి శనివారం పొద్దున, పన్నుల కాగితాలు పూర్తిచేసి పెట్టే దుకాణం, బూట్లకు అంటుకొచ్చిన మంచు కాళ్ళ కింది చాప మీద కరిగి మడుగు కడుతోంది, పక్క కొట్టులో బట్టలారబెట్టే మెషీన్ల వేడి వాసన గోడలోంచి వస్తోంది, గోడవారగా వేసిన కుర్చీల్లో చివరిదాంట్లో తను. చొక్కా జేబులో రెండు కార్డులున్నాయి, టెస్సాదొకటి, ఓటిస్‌దొకటి, పిల్లల పేర్లూ సర్కారు వాళ్ళకిచ్చిన నంబర్లూ అచ్చువేసిన కాగితపు ముక్కలు, పొద్దున మార్లా వాటిని వంటింటి పై అరలోంచి తీసి, మొగుడున్న రోజుల్లో ఆ మొగుడి చేతికి కూడా ఇవ్వలేదు తెలుసా అంటూ అతని చేతిలో పెట్టి, "ఇవి పారేసుకున్నావంటే మాత్రం ఇంటికి రాకు" అంది. సరదాకే అంది. సరదాకన్న ఆ మాట కూడా పొద్దుట్నుంచి చెవి దగ్గర ఈగలా తిరుగుతోంది, ఇల్లు తనది, తాత కట్టింది, ఆ ఇంటికి తనని రావద్దనే మనిషి ఒకతి ఉండటం ఎంత బాగుంది, ఆ మనిషే పోయిన వేసవిలో ఆ ఇంట్లోంచి వెళ్ళిపోయిందా, లేక ఊరికే వెళ్ళి వచ్చిందా, ఆ ఒక్కటీ తెలిస్తే ఇవాళ్టి ప్రశ్నకు జవాబు తెలిసినట్టే. తెలియదు. ఆరు నెలలుగా తెలియదు, అడగలేదు గనక తెలియదు.

పిల్లలు అతనికి పుట్టినవాళ్ళు కారు, మార్లా అతని పెళ్ళామూ కాదు. రెండు చలికాలాల కిందట ఆమె అద్దెకున్న ఇంట్లో, ఇల్లంతా వెచ్చబరిచే వేడి పెట్టె చెడిపోయి, ఇంటివాడు రేపు మాపు అంటుంటే, అది బాగయ్యేదాకా మా ఇంట్లో ఉండండి అన్నాడు వెండెల్, ఉంటాం అంది ఆమె. వసంతం వచ్చింది, వేడి పెట్టె బాగయింది, బాగయిందన్న మాట ఆమె ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు, అలా ఎత్తకపోవడమే వాళ్ళ పెళ్ళి అనుకోవాలి. పోయినేడు ఆమె వెన్నుకు ఆపరేషనై ఒక్కరోజు కూడా పనికి పోలేదు, ఇల్లు గడిచింది అతని జీతం మీదనే. అలాంటప్పుడు రక్తసంబంధం లేకపోయినా, పెళ్ళి కాకపోయినా, పిల్లలు ఏడాదంతా నీ ఇంటి మనుషులుగా నీ కప్పు కింద నీ తిండి తిని ఉంటే, వాళ్ళు నా మీద ఆధారపడ్డవాళ్ళు అని పన్నుల కాగితంలో రాసుకోవచ్చునట, చట్టానికి కూడా అప్పుడప్పుడూ బుద్ధి ఉంటుంది. దానివల్ల తగ్గే పన్ను కిరాణా కొట్టుకు రెండుసార్లు పోయివస్తే సరి. అందుకోసం రాలేదు వెండెల్. సర్కారు వారి కాగితంలో తన పేరు కింద ఆ రెండు పేర్లూ అచ్చులో కనబడతాయి, అందుకు వచ్చాడు, ఆ సంగతి గ్యారీకి చెప్పలేదు, మార్లాకు చెప్పలేదు, తనకు తాను కూడా ఈ కుర్చీలో కూర్చున్నాకే చెప్పుకున్నాడు.

ఈ ఊళ్ళో జనవరి వచ్చిందంటే పిల్లలు ఈ ఏడు ఎవరి కింద అని అడగటం, పండక్కి తీపి ఎవరు తెస్తున్నారని అడిగినంత మామూలు. అమ్మమ్మ కింద ఒక ఏడు, మేనమామ కింద ఒక ఏడు, ఎవరికి లాభమైతే వాళ్ళ కింద, ముందు పంపినవాళ్ళదే పిల్లవాడు, వెనక పంపినవాళ్ళ కాగితం తిరుగు టపా. మార్లా పిల్లలు ఇన్నేళ్ళూ కెంటకీలో వాళ్ళ అమ్మమ్మ కిందే పోయారు, వాళ్ళు ఉండేది ఇక్కడ మిషిగన్లో అయినా సరే. ఈ ఏడు మార్లా ఫోన్లో, అమ్మా, ఈసారి వెండెల్ కింద అంది. పక్క గదిలో అతను తడి తువ్వాలు చేతిలో పట్టుకుని ఆరేయడం మరిచిపోయి నిలబడ్డాడు. అవతల ముసలావిడ గొంతు ఫోన్ దాటి వినబడింది, "వాడెవడే, వాడి కింద వేయడానికి?" అని. మార్లా ఒక క్షణం ఆగి, మాకు తిండి పెట్టేవాడమ్మా అంది. ఆ ఆగిన క్షణంలో ఇంకేదో మాట వస్తుందనుకున్నాడు వెండెల్. రాలేదు, వచ్చిందే చాలనుకుని తువ్వాలు ఆరేశాడు.

ముందు వరసలో ఇద్దరు, విడిపోయిన మొగుడూ పెళ్ళాలని చూస్తేనే తెలుస్తోంది, మధ్యలో ఒక కుర్చీ వదిలి కూర్చుని కూడా ఒకళ్ళ మాట ఒకళ్ళు కోసుకుంటున్నారు. "పోయినేడు నువ్వే వేసుకున్నావు, ఈ ఏడు నా వంతు" అంటున్నాడు అతను. "వంతంట వంతు, వాణ్ణి పళ్ళ డాక్టరు దగ్గరికి ఒక్కసారన్నా తీసుకెళ్ళావా? వాడి చొక్కా కొలత చెప్పు చూద్దాం." "వారం వారం మారుతుంటే కొలతేం చెప్పను?" "వారం వారం మారట్లేదు, నువ్వు మూడు నెలలకోసారి చూస్తున్నావు." వింటున్నవాళ్ళు తలలు దించుకుని నవ్వుకుంటున్నారు. వెండెల్‌కి నవ్వు రాలేదు, అసూయ వేసింది, నిఖార్సయిన అసూయ. పోట్లాడుకోడానికి కూడా హక్కుండాలి, నా వంతు అని గొంతు లేపడానికి ఎక్కడో ఒకచోట తన పేరు రాసి ఉండాలి. ఓటిస్ చొక్కా కొలత అతనికి తెలుసు, టెస్సా బూటు కొలత తెలుసు, కుడికాలు కాస్త పెద్దది, కుడికాలికి చూసి కొనాలి, ఆమెకు పాలల్లో మీగడ తగిలితే కక్కొస్తుంది, వాడు జ్వరం వస్తే ఎక్కువ మాట్లాడతాడు, వాగుతున్నాడంటే ఒళ్ళు ముట్టుకుని చూడాలి. ఇవన్నీ తెలుసు. తెలిసిన ప్రతిదీ ఎరువు తెచ్చుకున్న సామానులా జాగ్రత్తగా వాడుకున్నాడు, ఎవరైనా వచ్చి ఇది మాది అంటే మచ్చపడకుండా తిరిగిచ్చేలా.

ఎరువు అని ఎందుకనుకోవాలి, ఎవరు అలా అనుకోమన్నారు, వెర్నన్. తొమ్మిదేళ్ళప్పుడు తల్లి తెచ్చుకున్న రెండో మొగుడు వెర్నన్, అన్నాల బల్ల దగ్గర కంచం తన చేతిలో పట్టుకుని, నాన్నా అను, పెడతాను, అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కంచం మాత్రం వదలలేదు. తల్లి తల దించుకుని రొట్టెకు వెన్న రాస్తోంది, రాసినచోటే మళ్ళీ రాస్తోంది. వెండెల్ ఆ మాట అన్నాడు, కంచం వచ్చింది, తిన్నాడు, ఏం తిన్నాడో గుర్తులేదు. మరునాటికి గోడమీది అసలు తండ్రి ఫోటో లేదు. ఒకరి పిల్లల్ని నావాళ్ళు అనడమంటే కంచం పట్టుకుని నిలబడటమే అని ఆ వయసులో తేలిపోయింది, తేలినది మళ్ళీ తిరగేసి చూసుకోలేదు. అందుకే మార్లా వచ్చిన కొత్తలో గోడకు ఏ రంగు వేయిద్దాం అంటే నీ ఇష్టం అన్నాడు, సోఫా ఎటు జరపను అంటే నీ ఇష్టం, టెస్సాని బడి మార్పించనా అంటే నీ పిల్లలు, నీ ఇష్టం. ఆ చివరిదానికి ఆమె గరిటె పట్టుకుని అతనివంక చాలాసేపు చూసింది. ఆ చూపులో ఏదో మెప్పు ఉందనుకుని లోలోపల మురిశాడు కూడా, వెర్నన్‌లాంటివాణ్ణి కాను నేను, చూశావా అని. ఇప్పుడు ఈ కుర్చీలో ఆ చూపు మళ్ళీ తలచుకుంటే అందులో మెప్పు ఎంత వెతికినా దొరకటం లేదు.

జూన్ రెండో వారం. బళ్ళు మూసేశారు, అమ్మ దగ్గర కొన్నాళ్ళుండి వస్తాం అంది మార్లా, వెళ్ళిరండి అన్నాడు. కారులో సామాను తనే సర్దాడు, సంచులు బరువుగా ఉన్నాయి, ఆడవాళ్ళ సంచులు బరువుగానే ఉంటాయి అనుకున్నాడు, టైర్లలో గాలి చూశాడు, అద్దం తుడిచాడు, ఓటిస్ వెనక సీటులోంచి చెయ్యి ఊపుతూ ఊపుతూ మలుపు తిరిగాడు. సాయంత్రం కుక్కకు తాడు వేద్దామని నడవాలోని అలమర తెరిస్తే, ఒక వైపు కోట్లు తగిలించే వంకీలన్నీ ఖాళీ. పిల్లల చలికోట్లు లేవు. టెస్సా ఊదారంగుది, ఓటిస్‌ది ఎర్రది, టోపీ అంచుకి బొచ్చున్నది, చేతి తొడుగులు సైతం లేవు. కెంటకీలో జూన్లో గొడ్డు కూడా నీడకు పరిగెడుతుంది. జూన్లో చలికోటు ఎవరు పట్టుకెళ్తారు, చలికాలానికి అక్కడే ఉండేవాళ్ళు పట్టుకెళ్తారు. ఇది అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు, వెండెల్‌కి అలమర తలుపు పట్టుకునే అర్థమైంది, వెంటనే అర్థం కానట్టు నటించడం మొదలుపెట్టాడు, ఇంట్లో చూసేవాళ్ళు కుక్క తప్ప ఎవరూ లేకపోయినా. ఉతికించడానికి ఇచ్చిందేమో, పొట్టివయ్యాయని ఎవరికైనా ఇచ్చేసిందేమో, పైన అటక మీద ఉన్నాయేమో, అటక ఎక్కి చూడలేదు, చూస్తే ఉండవని తెలుసు.

వేసవంతా రోజు విడిచి రోజు ఫోన్ చేశాడు. రోడ్ల మీద గుంటలు పూడ్చే కాలం అది, ఒళ్ళంతా తారు వాసన, ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుని చేసేవాడు. ఎలా ఉన్నారు అంటే బాగున్నాం అనేది, ఆ తర్వాత ఒక ఖాళీ వచ్చేది, ప్రతిసారీ వచ్చేది, ఎవరో గుమ్మంలోకి వచ్చి ఆగినట్టు, ఆ ఖాళీ వచ్చిందంటే వెంటనే ఏదో ఒకటి అందులో కుక్కేవాడు, కుక్క చెవికి పుండయింది, చూరు గొట్టంలో ఆకులు అడ్డం పడ్డాయి, పక్కింటివాడు కొత్త ట్రక్కు కొన్నాడు. అవునా అనేది మార్లా. ఎప్పుడొస్తారు అని అడగడం ఎంతసేపు, ఒక్క మాట, నాలుక చివర దాకా వచ్చి కూర్చునేది, అడిగితే రామంటుందేమో, అడక్కపోతే రామని అననట్టే కదా, అననంతకాలం వస్తారనే కదా. ఇంత తెలివి ఇంకెక్కడా వాడలేదు అతను. ఆగస్టు చివర ఒక మధ్యాహ్నం అతను పనిలో ఉండగా ఫోన్ రాకుండా కబురు లేకుండా వచ్చేశారు, ఇంటికొచ్చేసరికి కారు వాకిట్లో ఉంది, ఓటిస్ మెట్లమీద కుక్కను కావిలించుకుని పడుకున్నాడు. ఏమిటి, ఎలా, ఎందుకు, ఏమీ అడగలేదు, దారిలో రోడ్డు బాగుందా అని అడిగాడు. ఆ వారంలోనే ఒక రాత్రి భోజనం దగ్గర ఓటిస్, అక్కడ టెస్సా వాళ్ళ టీచరుకు కూడా ఇలాంటి కుక్కే, అనబోతుంటే టెస్సా బల్ల కింద కాలితో తన్నింది, వాడు నోట్లో ముద్ద నమలడం ఆపేశాడు, మార్లా లేచి నీళ్ళు తెచ్చింది. సెలవులకు వెళ్ళిన పిల్లకు టీచరు ఎక్కణ్ణించి వస్తుంది. వెండెల్ ఉప్పు అందుకున్నాడు. కోట్లు మళ్ళీ అలమరలోకి ఎప్పుడొచ్చాయో చూడలేదు, ఒకరోజు తెరిస్తే ఉన్నాయి, అంతే.

"వెండెల్ క్రౌచ్." పేరు వినగానే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు, లేచి వెళ్ళి బల్లముందు కూర్చున్నాడు. కంప్యూటరు వెనక ఓపల్, కళ్ళజోడు గొలుసుకి వేలాడుతోంది, ఈ మూడు నెలలూ ఇక్కడ పన్నుల పని, అంతకు ముందు ముప్ఫై ఏళ్ళు బడిలో పిల్లలకు వడ్డించే పని. "నువ్వు డోరిస్ కొడుకువి కదూ, బఠాణీలు పెడితే ముట్టేవాడివి కాదు" అంది. ఇప్పుడూ ముట్టనండి అన్నాడు. ఆమె నవ్వి, జీతం కాగితం తీసుకుని టకటకా కొట్టింది, ఇంటి చిరునామా, పుట్టినరోజు, పెళ్ళి, కాలేదండీ, సరే, మీద ఆధారపడ్డవాళ్ళు. వెండెల్ జేబులోంచి కార్డులు తీసి బల్లమీద పెట్టాడు. ఆమె పేర్లు కొడుతుంటే అక్షరం వెంట అక్షరం తెరమీద పడుతోంది, తన పేరు కింద టెస్సా, టెస్సా కింద ఓటిస్, ఇది చూడాలనే వచ్చాడు, చూశాడు, ఇంకో నిమిషం ఇలాగే ఉంటే బాగుండుననుకున్నాడు.

"పిల్లలు నీకేమవుతారు బాబూ?"

"మార్లా పిల్లలండీ. మా ఇంట్లో ఉంటారు."

"అది సరే, నీకు?"

"నాకు ఏమీ కారు."

"ఏమీ కాకపోయినా పరవాలేదులే, దానికీ ఒక గడి ఉంది ఇక్కడ" అని ఆ గడి నొక్కింది ఓపల్. "ఏడాదంతా నీ దగ్గరే ఉన్నారుగా?"

ఉన్నారు అనాలి. ఒక్క మాట, గ్యారీ చెప్పిన మాట. నోరు తెరిచాడు. "వేసవిలో వాళ్ళ అమ్మమ్మ దగ్గరికి వెళ్ళారండి" అంది నోరు, దాని మానాన అది.

"సెలవులకా? సెలవులకి వెళ్ళడం వెళ్ళడం కాదు. చదువుకెళ్ళినా, ఆసుపత్రిలో ఉన్నా, తిరిగి ఇంటికి రావాలనుకునే వెళ్ళినంతకాలం ఇంట్లో ఉన్నట్టే లెక్క. ఇక రాకూడదనుకుని వెళ్తే అది వేరు, మళ్ళీ వచ్చినా సరే అది వేరు. ఇంతకీ సెలవులకేగా?"

"అది ఎవరికి తెలుస్తుందండీ?"

"ఏది?"

"తిరిగి రావాలనుకునే వెళ్ళారో లేదో."

ఓపల్ కళ్ళజోడు తీసి గొలుసుకి వదిలేసింది, వడ్డించే రోజుల్లో కంచం ఖాళీ చెయ్యని పిల్లవాణ్ణి చూసినట్టు చూసింది. "వెళ్ళినవాళ్ళకి తెలుస్తుంది" అంది మెల్లగా. "ఇంట్లోనే ఉందిగా ఆ అమ్మాయి, ఫోన్ చేసి అడుగు, నేనాగుతాలే. అడగందే అమ్మయినా పెట్టదు నాయనా." వెండెల్ ఫోన్ తీశాడు, మార్లా పేరు మీద బొటనవేలు పెట్టాడు, నొక్కితే మోగుతుంది, ఆమె ఎత్తుతుంది, మార్లా, పోయిన జూన్లో, అని మొదలుపెట్టాలి, మొదలుపెడితే పూర్తి చేయాలి, పూర్తి చేస్తే ఆమె అబద్ధమాడదు, అదే వచ్చిన చిక్కు, ఆమె అబద్ధమాడని మనిషి, లేదు వెండెల్, రాకూడదనే వెళ్ళాను అంటుంది, అన్నాక అదే ఇంట్లో ఆ రాత్రి భోజనానికి ఎలా కూర్చోవడం, ఆ మాట నలుగురి మధ్యా బల్లమీద ఉంటుంది కదా, అంతకంటే పిల్లలు ఈ కాగితంలో లేకపోతేనేం, ఇంట్లో ఉంటే చాలదా, ఉన్నదాన్ని కదిలించి పోగొట్టుకోవడమెందుకు. ఫోన్ జేబులో పెట్టేశాడు. "పిల్లల పేర్లు తీసేయండి" అన్నాడు.

"అదేమిటి, నీకు రావలసింది పోతుంది కదా."

"పోనివ్వండి. తెలియనిది తెలుసని సంతకం పెట్టలేను."

ఆ మాట నిజాయితీగల మాటలాగే వినబడింది, వెనక వరసలో ఎవరో మెచ్చుకోలుగా తల కూడా ఊపారు. వెండెల్‌కి సిగ్గేసింది. నిజాయితీ కాదది, పచ్చి భయం, ఆ సంగతి తనకొక్కడికే తెలుసు, ఓపల్‌కి కూడా కాస్త తెలిసిందేమో. ఆమె చివరి పేరు చివరి అక్షరం నుంచి వెనక్కి చెరిపింది, ఓటిస్ పోయాడు, టెస్సా పోయింది, వెండెల్ క్రౌచ్ మిగిలాడు, ఒంటరి అన్న గడిలో. ఆమె చూపించినచోట చూపుడువేలితో తెరమీద సంతకం పెట్టాడు, కార్డులు తీసుకున్నాడు, థాంక్సండీ అన్నాడు, తలుపు తోసుకుని బయటికి వచ్చేసరికి చలి ముఖాన కొట్టింది. ఊపిరి తిరిగింది గానీ హాయిగా లేదు. పిల్లల్ని ఎక్కడో దింపేసి వస్తున్నట్టు ఉంది, ఎక్కడ దింపాడో అడిగితే చెప్పలేని చోట.

ట్రక్కులో కూర్చుని తాళం తిప్పబోతుంటే ఫోన్ మోగింది. మార్లా.

"అయిందా?"

"అయింది."

"ఓటిస్ నంబరు సరిగ్గా కొట్టిందా ఆవిడ? పోయినేడు అమ్మ ఒక అంకె తప్పు కొడితే వెనక్కొచ్చింది."

"పిల్లల పేర్లు వేయించలేదు మార్లా."

అవతల గిన్నెల చప్పుడు ఆగింది. "ఎందుకు?" అంది.

"వేసవిలో మీరు వెళ్ళారుగా."

"సెలవులకి వెళ్ళాం."

ఇక్కడ ఆగిపోవచ్చు, సరే అయితే, వచ్చేటప్పుడు ఏమన్నా తేనా అనొచ్చు, నాలుక అప్పుడే ఆ దారి పట్టింది కూడా. కానీ తెరమీద అక్షరాలు ఒక్కొక్కటే వెనక్కి పోవడం ఇంకా కళ్ళలో ఉంది. "చలికోట్లు తీసుకెళ్ళావు" అన్నాడు.

"ఏమిటి?"

"జూన్లో, పిల్లల చలికోట్లు. వంకీలు ఖాళీగా ఉన్నాయి."

ఆ ఖాళీ వచ్చింది, వేసవంతా వచ్చిన ఖాళీయే. ట్రక్కు అద్దం మీద సన్నగా మంచు పడి కరుగుతోంది.

"ఎప్పుడు చూశావు?" అంది మార్లా, గొంతు బాగా తగ్గించి, పిల్లలకు వినబడకుండా కాబోలు.

"మీరు వెళ్ళిన సాయంత్రమే."

"వెళ్ళిన సాయంత్రమే. ఆ రాత్రి నాకు ఫోన్ చేశావు వెండెల్, దారిలో వాన పడిందా అని అడిగావు. అది చూసి కూడా వాన సంగతి అడిగావు." ఆమె ఊపిరి పీల్చుకోవడం వినబడింది. "నిజమే. ఉండిపోదామనే వెళ్ళాను. టెస్సాని అక్కడ బళ్ళో వేశాను, ఆగస్టులో బడి తెరిచాక వారం రోజులు వెళ్ళింది కూడా."

అనుకున్నంతా అయింది, ఆమె నోటితోనే అయింది. ఆరు నెలలు ఏ మాటకు భయపడి ఉప్పు అందుకున్నాడో, ఆ మాట చెవిలో పడింది, నొప్పెట్టింది, చాలా నొప్పెట్టింది. "మరి ఎందుకొచ్చారు?" అన్నాడు. అడిగింది తనేనా అనిపించింది.

"అమ్మకీ నాకూ పడలేదు. ఇంకెక్కడికి పోతాం. నువ్వు పిలిచావని మాత్రం రాలేదు. పిలిస్తే జూలైలోనే వచ్చేదాన్ని, ఎప్పుడొస్తావు అని ఒక్కసారి అంటావేమోనని ఫోన్ పట్టుకుని చూసేదాన్ని, నువ్వు కుక్క చెవి సంగతి చెప్పేవాడివి. నీ ఇష్టం, నీ పిల్లలు, నీ ఇష్టం, అలా వింటూ ఉంటే ఆ ఇంట్లో మేం దిగి వెళ్ళాల్సినవాళ్ళమేమో అనిపించదా మనిషికి? అక్కడికీ మళ్ళీ వచ్చాం గదా, ఈ ఆరు నెలల్లో అయినా అడిగావా? ఇవాళ నేనే కార్డులు తీసి చేతిలో పెట్టాను. ఒక్క ఫోన్ చేసి అడిగితే పోయేదానికి, నా పిల్లల పేర్లు కొట్టేసి వచ్చావు."

"అడిగితే నిజం చెప్తావని భయం వేసింది."

"చెప్పానుగా ఇప్పుడు. ఏమైంది?"

ఏమైంది. రోడ్డుమీద తన డిపో బండి ఒకటి మంచు తోసుకుంటూ పోయింది, నడిపేవాడు చెయ్యి ఊపాడు, ఇతను ఊపలేదు. ఏమీ కాలేదు, ఒళ్ళంతా నొప్పిగా ఉంది గానీ ఏదీ కూలలేదు, ఆమె ఫోన్ పెట్టేయలేదు, అవతల ఓటిస్ ఏదో కథ చెబుతున్నాడు, గబగబా, ఆగకుండా, జ్వరం వచ్చిందేమో, ఒళ్ళు చూశావా అని అడగాలనిపించింది, అది నిజంగా అడగాల్సిన మాటే, కానీ అది ఇప్పుడు అడిగితే ఈ మాట మళ్ళీ మునిగిపోతుంది. అడగడమంటే వెర్నన్‌లా కంచం పట్టుకుని నిలబడటం కాదు. ఖాళీ చేతులతో గుమ్మంలో నిలబడటం, ఎప్పుడూ చేయలేదు, ఎలా చేస్తారో తెలియదు.

"మార్లా."

"ఊఁ."

"ఈ ఏడు ఉంటారా?"

అవతల ఆమె కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది.

"ఉండండి" అన్నాడు వెండెల్. "నువ్వూ, టెస్సా, ఓటిస్. నీ ఇష్టం అని అనడం లేదు. నాకు కావాలి, ఉండండి."

అవతల ఓటిస్ కథ ఆపి, ఎవరమ్మా అని అడగడం వినబడింది. మార్లా వాడికి జవాబివ్వలేదు, అతనికీ ఇవ్వలేదు. ట్రక్కులో చలి మోకాళ్ళ దాకా ఎక్కింది. వెండెల్ మాట మార్చలేదు.